మిజోరాం లోడు

ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గోడకు ఒక నల్లబోర్డు ఉంది. ఏ లారీ ఏ ఊరికి పోతుందో, ఎవరు నడుపుతారో పొద్దున్నే దాని మీద చాక్‌పీసుతో రాస్తారు. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ ఆఫీసుకు ఇరవై రెండేళ్లుగా వస్తున్న మొగులయ్య ముందు బోర్డు చూస్తాడు, తర్వాతే చాయ్ తాగుతాడు. ఆ సోమవారం మాత్రం బోర్డు చూశాక అతనికి చాయ్ గొంతు దిగలేదు.

మూడో వరసలో "ఐజ్వాల్, మిజోరాం. సెలైన్ డబ్బాలు. శుక్రవారం" అని ఉంది. దాని పక్కన "జైపాల్" అని రాసి, ఆ తర్వాత ఒక గీత గీసి వదిలేశారు. అంత దూరం పోయే బండికి ఇద్దరు డ్రైవర్లు కావాలి. రెండోవాడు ఇంకా కుదరలేదన్నమాట. తన పేరు ఎక్కడుందా అని మొగులయ్య వెతుక్కుంటే అన్నిటికంటే కింద, చాక్‌పీసు పొడి రాలే చోట, "కాజీపల్లి లోకల్ - మొగులయ్య" అని కనిపించింది.

లోకల్ అంటే ఇక్కడి గోదాంలో సరుకు ఎక్కించుకోవడం, కాజీపల్లి ఫ్యాక్టరీలో దించి రావడం. మళ్లీ ఎక్కించుకోవడం, మళ్లీ దించి రావడం. కాశ్మీరు మంచులో బండి జారకుండా పట్టి నడిపినవాడికి అది డ్రైవింగు కాదు, పిల్లల్ని బడిలో దించి వచ్చే పని.

లోపల శ్రావణ్‌కుమార్ ఫోను చెవికి పెట్టుకుని సరుకు రసీదులు, అదే బిల్టీలు, తిరగేస్తున్నాడు. తండ్రి కాలం చేశాక ఆఫీసు చూసుకుంటున్నది అతనే. చిన్నప్పుడు ఇదే మొగులయ్య ఒళ్లో కూర్చుని స్టీరింగు తిప్పినవాడు.

"కాకా, ఇగ నుంచి నువ్వు లోకల్ చూసుకో. పొద్దుగూకేసరికి ఇంటికి పోవచ్చు. హాయిగుంటది" అన్నాడు, తలెత్తకుండానే.

"మంచిది సేటు" అన్నాడు మొగులయ్య.

ఎందుకు అని అడగలేదు. గొంతు దాకా వచ్చిన మాటను మింగడంలో అతనంతటివాడు లేడు. లోకం తనను చూసి తనంతట తానే తెలుసుకోవాలని అతని కోరిక. లోకానికేమో బోలెడు పనులు.

బయట జైపాల్ ఎదురొచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు, మొగులయ్య దగ్గరే ఘాట్‌రోడ్లు నేర్చుకున్నాడు. బోర్డు మీద తన పేరు చూసుకుని సిగ్గుపడుతున్నట్టున్నాడు.

"అన్నా, నీకు మిజోరాం ఒక్కటే గద మిగిలింది? నేను పోతున్న గద, నా ఫోన్ల మంచిగ ఫోటో తీసి నీకు పంపుత."

"నువ్వు దింపిచ్చిన లోడు, నువ్వు తీసిన ఫోటో, నాదెట్లయితదిరా?" అన్నాడు మొగులయ్య. కోపంగా అనలేదు. అట్లా అయిపోదా అని ఒక్క క్షణం ఆశ పుట్టినందుకు తన మీదే కోపం వచ్చింది.

పదమూడేళ్లుగా అతను చేస్తున్న పని అది. ఏ రాష్ట్రానికి లోడు తీసుకుపోతే ఆ రాష్ట్రంలో తన లారీ నుంచి సరుకు దించిన, అక్కడివాడే అయిన హమాలీని ఒక్కణ్ణి ఫోటో తీస్తాడు. రాష్ట్రానికి ఒక్కటే. తాజ్‌మహల్ పక్కనుంచి ఎన్నిసార్లు పోయినా కెమెరా బయటికి తీసింది లేదు. ఆఖరి మూట దిగాలి, ఆ మనిషి ఒంటి మీద చెమట ఆరకముందే బొమ్మ పడాలి. అది అతను తనకు తాను పెట్టుకున్న కట్టడి. పటాన్‌చెరు స్టూడియోలో రెండు కాపీలు కడిగించి, ఒకటి ఆ మనిషికి పోస్టులో పంపి, రెండో దాని వెనక పేరు, ఊరు, తేదీ, ఏ లోడో రాసి ఆల్బంలో పెడతాడు. ఇరవై ఎనిమిది రాష్ట్రాల్లో ఇరవై ఏడు అయ్యాయి.

ఆ రోజు కాజీపల్లికి రెండు ట్రిప్పులు కొట్టి, ఎండ ఉండగానే వెలిమెలలోని ఇంటికి చేరాడు. కొత్త అపార్టుమెంట్ల నీడ అప్పుడే వాళ్ల వాకిట్లోకి వస్తోంది. జొన్నరొట్టె కాలుస్తున్న భార్య కౌసల్య అట్లకాడ పట్టుకునే బయటికొచ్చింది.

"ఇంత జల్దీ వచ్చినవేంది? బండి ఖరాబైందా?"

"బండి మంచిగనే ఉంది. నేనే ఖరాబైన అనుకున్నట్టున్నరు."

కాళ్లు కడుక్కుని, ట్రంకుపెట్టెలోంచి ఆల్బం తీసి, దానికి పురికొస అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి కట్టాడు. లారీ మీద కప్పే తాటిపత్రికి ముడి వేసినంత గట్టిగా వేసి అటక మీదికి తోశాడు. కెమెరాను కూడా తోద్దామనుకున్నాడు గాని చెయ్యి రాలేదు.

సంగారెడ్డిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న కూతురు అంకిత బస్సు దిగి వచ్చేసరికి తల్లి సంగతంతా చెప్పేసింది. ఆ పిల్ల స్టూలెక్కి ఆల్బం దించింది. ముడి రాక పళ్లతో లాగింది.

"ఎందుకు బిడ్డా, ఇగ బంద్ అది."

"బంద్ చేసేటోనివి ఎంత చేసినవో సూసుకోని బంద్ చెయ్యి నాయినా."

ఫోటోలన్నీ బయటికి తీసి నేల మీద పరిచింది. ఆల్బం మొదటి పేజీలో మొగులయ్య రాసుకున్న రాష్ట్రాల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్క పేరూ చదువుతూ ఒక్కొక్క ఫోటో వరసలో పెడుతోంది. నాసిక్ మనిషి ముక్కుపొడుం డబ్బీతో, జలంధర్ మనిషి తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ, కాకినాడ మనిషి సముద్రం వైపు చూస్తూ. మొగులయ్య చూడకూడదనుకుంటూనే అద్దాలు పెట్టుకుని చూస్తున్నాడు. ఇంటి నేల సరిపోక వరస గడప దాటింది. అంకిత చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నాయినా, తెలంగాణ ఏది?"

"ఏంది?"

"తెలంగాణ ఫోటో. గీ లిస్టు ఎప్పుడు రాసినవ్?"

"నువ్వు మూడో తరగతిల ఉన్నప్పుడు. నీ బడి పుస్తకంల సూసి రాసిన."

"అప్పటికి తెలంగాణ రాలే. ఆంధ్రప్రదేశ్‌కు కాకినాడల తీసినవ్, అది అట్లనే ఉంటది. మరి మనది?"

ముందు నవ్వింది కౌసల్య. నవ్వి నవ్వి పెనం మీద రొట్టె మాడబెట్టింది. "తెలంగాణ రావాలెనని హైవే మీద లారీ అడ్డం వెట్టి రెండు దినాలు దాని కిందనే పండుకుంటివి. వచ్చినంక లిస్టుల ఎక్కిచ్చుడే మరిచితివా?"

"ఇంకోటి గూడ ఉంది నాయినా. జమ్ము కశ్మీర్ ఇప్పుడు రాష్ట్రం గాదు."

"గాకపోతే? నేను పోయింది అబద్ధమా? కాళ్లు కొంకర్లు పోయినయి గాడ!"

"అబద్ధం గాదు. గని లెక్కలకు రాదు."

"అంటే ఇరవై ఆరేనా?"

"ఇరవై ఆరు. మిగిలినయి రెండు."

పదమూడేళ్లు నడిచి నడిచి, గుమ్మం ముందు ఒకటి వెనక్కి పోవడం ఏ మనిషికైనా గుండె పగిలే సంగతే. మొగులయ్య బాధపడదామనే గోడకు ఆనుకున్నాడు. కానీ రోడ్డుకు అడ్డం పెట్టిన తన లారీ, దాని కింద తాను, ఆపైన ఈ మతిమరుపు గుర్తొచ్చి అతనికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఇంకో సంగతి తోచింది. మిజోరాం పోవాలంటే సేటు దయ కావాలి. తెలంగాణకు ఎవరి దయా అక్కర్లేదు. తాను రోజూ బండి తోలేది తెలంగాణలోనే.

మంగళవారం పొద్దున్న కెమెరా సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

కాజీపల్లి ఫ్యాక్టరీలో డ్రమ్ములు దింపుతున్నారు. లారీ వెనక తలుపు, డాలా, దించి, రెండు దుంగలు ఏటవాలుగా ఆనించి, పైనుంచి డ్రమ్మును దొర్లిస్తే కింద ఇద్దరు కడుపులతో ఆపి నిలబెడతారు. మొగులయ్య పక్కన నిలబడి మొహాలు చూసుకుంటున్నాడు. బక్కగా, చురుగ్గా ఉన్న ఒకతను నచ్చాడు. ఆఖరి డ్రమ్ము దిగేదాకా ఆగి, కెమెరా తీసి, "ఏ ఊరు తమ్మీ?" అన్నాడు.

"ఛప్రా, భయ్యా. బిహార్."

బిహార్ అయిపోయింది. రెండో అతను బలాంగీర్, ఒడిశా. అదీ అయిపోయింది. మూడో అతనిది జార్ఖండ్. నాలుగో అతను అస్సాం అన్నప్పుడు మొగులయ్య కెమెరా మూసేశాడు. బలాంగీర్ అతను జుట్టు దువ్వుకుని మరీ ముందుకొచ్చి తనను తియ్యమన్నాడు. "ఒడిశా హో గయా భాయ్" అని చెప్పలేక చెప్పాడు మొగులయ్య. ఆ మనిషి దువ్వెన జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

గేటు దగ్గర వచ్చే పోయే బండ్ల నంబర్లు రాసే ప్రేమలతను అడిగాడు. "ఇక్కడోళ్లు ఎవరన్న ఉన్నరామ్మా దించెటోళ్లల్ల?"

"ఇక్కడోళ్లా? నేనున్న గదనే. నన్ను తియ్యి."

"నువ్వు దించవు గద బిడ్డా."

"మనోళ్లు ఇప్పుడు ఎవరు దించుతుర్రు అన్నా? ఇంకో రెండు ఫ్యాక్టరీలు తిరుగు, గిదే మాట."

తిరిగాడు. అదే మాట. సాయంత్రం దాకా ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య మూడు గేట్లు చూశాడు. దేశమంతా తిరిగి ప్రతిచోటా ఆ ఊరి మనిషిని పట్టుకున్నవాడికి సొంత రాష్ట్రంలో సొంత మనిషి దొరకలేదు.

బుధవారం మధ్యాహ్నం, పటాన్‌చెరు గోదాంలో హమాలీలు రేకుల షెడ్డు కింద సద్దులు విప్పుకుని కూర్చున్నారు. ఇక్కడ లోడు ఎక్కించేవాళ్లు ఏడుగురు. అందరూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్ల మేస్త్రి నర్సింహులు, మొగులయ్య కంటే మూడేళ్లు పెద్ద. మొగులయ్య ఆల్బం పట్టుకుని వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"నర్సింలన్నా, నీకు అందరు ఎర్కే. కాజీపల్లి దిక్కు మనోడెవడన్న హమాలీ ఉంటే చెప్పు. లోడు దించెటోడు గావాలె."

"ఎందుకు?"

మొగులయ్య ఆల్బం తెరిచి చూపించాడు. బోర్డు మీద పేరు లేని సంగతీ, తెలంగాణ మరిచిన సంగతీ అన్నీ చెప్పాడు. నర్సింహులు చేతులు కడుక్కుని, భుజం మీది తువ్వాలతో తడి లేకుండా తుడుచుకుని, ఆల్బం ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటి ఫోటో తీశాడు. మొహం వైపు ఒకసారి చూసి, వెనక్కి తిప్పి, మొగులయ్య రాసిన అక్షరాలు చదివాడు.

"నాసిక్. ఆయిల్ డ్రమ్ములు." ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. "గా దినం వాన. డ్రమ్ము జారి గిక్కడ పడ్డది." కాలి బొటనవేలు చూపించాడు. గోరు రెండుగా చీలి వంకరగా మొలిచింది.

ఇంకొకటి తిప్పాడు. "గువాహటి. టైర్లు. మా రామన్నకు గదే ఆఖరి లోడు. తెల్లారి నడుము లేవలే. ఇప్పుడు ఇంటికాడ మేకల కాసుకుంటుండు."

ఇంకొకటి. "జలంధర్. మోటార్లు. గిది ఎత్తింది నా బిడ్డ పుష్ప లగ్గం దినం. గీ తారీఖుకు ఐదు దినాల ముంగట. పొద్దుగాల లోడు ఎత్తి, గట్లనే పందిట్లకు పోయి అల్లుని కాళ్లు కడిగిన."

మిగతా హమాలీలు అన్నాలు తింటూ దగ్గరికి జరిగారు. నర్సింహులు ఒక్కొక్కటీ తిప్పుతున్నాడు. ఎవరి మొహమూ చూడటం లేదు, వెనకే చదువుతున్నాడు. సిమెంటు రేకులు, సబ్బులు, ఇనుప పైపులు. ప్రతి లోడుకూ అతని దగ్గర ఒక కథ ఉంది. మొగులయ్యకు ఒక్కటీ తెలియదు. తన ఆల్బం తనకే కొత్తగా ఉంది.

అన్నీ చూశాక నర్సింహులు ఫోటోలను అంచులు కలిపి సర్ది లోపల పెట్టాడు.

"ఇందుల ఇరవై ఏడు మంది ఉన్నరు మొగులయ్యా. అందరు దించినోళ్లే. మరి గీ లోడ్లన్ని నీ బండి మీదికి ఎవరు ఎత్తిర్రు? గాలికి ఎక్కినయా?"

మొగులయ్య షెడ్డు అవతల నిలబడి ఉన్న తన లారీ వైపు చూశాడు.

"మనోడు దొర్కుతలేడని ఊరంత తిరిగినవ్. ఇరవై ఏండ్ల సంది నీ ముంగట లేమా మేము?"

ఆ మాట మొగులయ్యకు చెంప మీద కొట్టినట్టే తగిలింది. మూడు రోజులుగా సేటు తనను చూడలేదని కుమిలిపోతున్నవాడు, తాను చూడనిది ఇంత పెద్దగా కళ్ల ముందు ఉందని తెలిసి సిగ్గుతో తల దించుకున్నాడు. లోడు ఎక్కుతున్నంతసేపూ అతను ఏ రోజూ బండి దగ్గర లేడు. ఆఫీసులో బిల్టీ కోసమో, హోటల్లో చాయ్ కోసమో పోయేవాడు.

"తప్పైంది నర్సింలన్నా" అన్నాడు.

"నాది గూడ తప్పే. ఎప్పుడన్న నన్ను అడుగుతడేమో, తీస్తనంటడేమో అని సూసుడే గని, నన్ను తియ్యి అని ఒక్కనాడన్న నేను నోరు ఇప్పలే."

"ఇప్పుడు తీస్త. నిలవడు."

"ఇప్పుడొద్దు. తిని కూసున్నోన్ని ఏం తీస్తవ్? నీ కట్టడి నీకుంది గద, చెమట ఆరకముందని. శుక్రవారం మిజోరాం లోడు ఎత్తుత. అప్పుడు తియ్యి."

"గా బండికి నేను పోతలేను గద."

"ఎందుకు పోతలేవు? సేటును అడిగినవా?"

మొగులయ్య ఆల్బం అట్ట మీది దుమ్ము తుడవసాగాడు.

"అడగలే. నువ్వు గూడ నా లెక్కనే" అని నర్సింహులు నవ్వాడు. "లే. గిప్పుడే పో. అన్నం గూడ తినకు."

ఆఫీసు మెట్లను మొగులయ్య ఘాట్‌రోడ్డు ఎక్కినంత నెమ్మదిగా ఎక్కాడు. బోర్డు మీద గీత ఇంకా ఖాళీగానే ఉంది.

"సేటు, మిజోరాం బండికి రెండో డ్రైవర్ దొరికిండా?"

"ఏడ కాకా, పరేషాన్ ఉంది. గంత దూరం ఎవడూ రానంటుండు."

"నేను పోత. నన్నెందుకు పంపుతలేవు?"

శ్రావణ్‌కుమార్ మొదటిసారి తలెత్తాడు. ఇబ్బందిగా పెన్ను మూత తీసి పెట్టాడు. "ఎట్ల చెప్పాలె కాకా... నీ కండ్లు. అద్దాలు వెట్టుకోని గూడ బిల్టీ గింత దూరం పట్టుకోని సదువుతున్నవ్. ఆ కొండల మీద ఏమన్న అయితే కౌసల్య కాకికి నేనేం జవాబు చెప్పాలె? చెప్తే బాధపడతవని చెప్పలే."

మొగులయ్య విస్తుపోయాడు. మూడు రోజుల దుఃఖమంతా ముక్కు మీది రెండు గాజుముక్కల వల్లనా! అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"దగ్గరిది కనిపియ్యది సేటు, దూరంది గాదు. గీ అద్దాలు కెమెరాల బొమ్మ సూసుకునుటానికి, బిల్టీ సదువుటానికి. సడక్ మీదికి రా."

చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాడు. రోడ్డుకు అవతల, చాలా దూరంలో, బండ్లను తూచే వేబ్రిడ్జి మీద ఒక లారీ నిలబడి ఉంది. మొగులయ్య దాని నంబరు అక్షరం వదలకుండా చదివాడు. "ఎనక ఎడమ దిక్కు లోపలి టైరుల గాలి గూడ తక్కువుంది. పో, సూసి రా" అన్నాడు. శ్రావణ్‌కుమార్ నిజంగానే నడిచి వెళ్లి, టైరును కాలితో తన్ని చూసి, నవ్వుకుంటూ వెనక్కి వచ్చాడు.

"అయినా డాక్టరు కాయితం తెచ్చుకో కాకా. మా కాకికి సూపిద్దాం."

గురువారం సంగారెడ్డి పెద్దాసుపత్రిలో లైనులో నిలబడి మొగులయ్య ఆ కాగితం తెచ్చాడు. దూరపు చూపుకు వంక పెట్టేదేమీ లేదని డాక్టరమ్మ రాసిచ్చింది. శ్రావణ్‌కుమార్ దాన్ని చదివి, చాక్‌పీసు అతని చేతికే ఇచ్చాడు. "నువ్వే రాసుకో కాకా." గీత మీద ఉన్న ఖాళీలో మొగులయ్య తన పేరు రాశాడు. అక్షరాలు పెద్దవై జైపాల్ పేరును గుద్దుకున్నాయి. వెనక నిలబడి చూస్తున్న జైపాల్ ఈల వేశాడు.

శుక్రవారం పొద్దున మొగులయ్య చాయ్‌కి పోలేదు. లారీ పక్కనే నిలబడి లోడు ఎక్కడం మొదటి డబ్బా నుంచీ చూశాడు. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. హమాలీలు నెత్తిన గోనె మడత పెట్టుకుని, ఇద్దరు పైకెత్తి ఇస్తే ఒకరు అందుకుని, చెక్క మీద అడుగుల శబ్దం ఒకే లయలో పడుతుండగా పోతున్నారు, వస్తున్నారు. లోపల నర్సింహులు డబ్బాలు పేరుస్తున్నాడు. ఒక వరస నిలువు, దాని మీద అడ్డం, మళ్లీ నిలువు. మూలల్లో ఖాళీ మిగిలితే పాత గోనెసంచులు చుట్టి కూరుతున్నాడు. అరచేత్తో ఒక్కొక్క వరసనూ నెట్టి చూసి, కదిలితే తీసి మళ్లీ పేరుస్తున్నాడు. ఏ మలుపులో డబ్బా ఎటు ఒరుగుతుందో బండి నడిపినవాడి కంటే అతనికే బాగా తెలిసినట్టుంది. తన లోడు ఎప్పుడూ ఎందుకు చెదరలేదో మొగులయ్యకు ఇప్పుడు అర్థమైంది. అన్నేళ్లూ అది తన స్టీరింగు గొప్పతనమనుకున్నాడు.

తాటిపత్రి కప్పి, తాళ్లు బిగించి, నర్సింహులు కిందికి దూకాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఆ, ఇప్పుడు తియ్యి."

డాలా దగ్గర నిలబడ్డాడు గాని చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక రేషన్‌కార్డు ఫోటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయాడు. మొగులయ్య కెమెరా ఎత్తబోయేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. వీళ్లేరి? నేనొక్కన్నే ఎత్తితే ఎక్కిందా?"

రాష్ట్రానికి ఒక్కడే అన్నది పదమూడేళ్ల కట్టడి. మొగులయ్య ఒక్క నిమిషం ఆలోచించాడు. ఆ తర్వాత మిగతావాళ్లనూ పిలిచి ఏడుగురినీ నిలబెట్టాడు. తువ్వాలలు దులుపుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ, పరాచికాలాడుతూ నిలబడ్డారు. ఎవడో ఏదో అన్నాడు, నర్సింహులు పెద్దగా నవ్వాడు, బొమ్మ అప్పుడు పడింది.

స్టూడియోలో అప్పటికప్పుడు కాపీలు తీయించి తెచ్చాడు. అన్నేళ్లూ పోస్టులో పంపినవాడు, ఈ ఒక్క ఫోటోను చేతికిచ్చాడు. నర్సింహులు దాన్ని చాలాసేపు చూసి, చొక్కా చెమటగా ఉందని జేబులో పెట్టుకోక, సద్దిగిన్నె మూత మీద ఆనించి పెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి లారీ గేటు దాటుతుంటే ఏడుగురూ గేటు దాకా వచ్చారు.

తొమ్మిదో రోజు ఐజ్వాల్‌లో ఎండ కాస్తోంది. ఇళ్లన్నీ కొండకు వేలాడుతున్నట్టున్నాయి. గోదాం ముందు బండి ఆనించే చోటు లారీకంటే జానెడు ఎక్కువ, అంతే. జైపాల్ కిందికి దిగి చేతులూపుతుంటే మొగులయ్య ఒక్క పట్టున వెనక్కి పెట్టాడు. లాల్‌రినా అనే మనిషి మరో నలుగురితో కలిసి లోడు దించాడు. మొగులయ్యకు అతని మాట రాదు, అతనికి మొగులయ్య మాట రాదు. ఆఖరి డబ్బా దిగాక మొగులయ్య పటాన్‌చెరు ఫోటో తీసి అతని చేతికిచ్చి, ముందు లోపలి డబ్బాలను, తర్వాత ఫోటోలోని మనుషులను వేలితో చూపి, మూట ఎత్తుతున్నట్టు చేశాడు. లాల్‌రినాకు అర్థమైంది. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని, ఫోటోను రెండు చేతులతో గుండెల ముందు పట్టుకుని నిలబడ్డాడు. మొగులయ్య అట్లాగే తీశాడు.

అద్దాలు పెట్టుకుని కెమెరాలో చూసుకుంటే కళ్లు మసకబారాయి. తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇరవై ఎనిమిది. అయిపోయింది. "అయిపోయిందిరా!" అని అరిచాడు. కొండ కింద ఎవరో తలెత్తి చూశారు. జైపాల్ వచ్చి అతన్ని అమాంతం ఎత్తి తిప్పాడు.

జైపాల్ ఆ కెమెరా తెర మీది బొమ్మనే ఫోనులో తీసి నర్సింహులుకు పంపాడు. ఐదు నిమిషాలకు అటునుంచి ఫోను మోగింది. వెనక గోదాంలో డబ్బాల చప్పుడు వినిపిస్తోంది.

"సూసిన. మంచిగ వచ్చింది" అన్నాడు నర్సింహులు. "గది సరే గని, డబ్బా ఒక్కటన్న నలిగిందా?"

"ఒక్కటి నల్గలే నర్సింలన్నా."

"ఎట్ల నల్గుతది? ఎత్తింది మేము గద."